చేతి గడియారం బ్యాటరీ: మీరే మార్చాలా, మెకానిక్‌కు ఇవ్వాలా?

మీ క్వార్ట్జ్ గడియారంలో సెకన్ల ముల్లు ఒకేసారి రెండేసి, నాలుగేసి సెకన్లు దూకుతోందా? చాలా గడియారాల్లో అది బ్యాటరీ అయిపోవస్తోందనే సూచన. ఆగిపోయిన గడియారాన్ని అలాగే పెట్టెలో పడేస్తే సెల్ కారి లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

సొంతంగా మార్చవచ్చా అన్నది వెనక మూత చూసి నిర్ణయించుకోండి. అంచున చిన్న గాడి ఉన్న నొక్కుడు మూతైతే సన్నని చాకుతో తెరవవచ్చు. చుట్టూ గాట్లున్న మరమూతకు తగిన రెంచి కావాలి. కత్తెర మొనతో తిప్పబోతే గీతలే మిగులుతాయి.

పాత సెల్‌పై ఉన్న సంఖ్య చూపి కొనండి. ఎస్.ఆర్.626 అంటే 6.8 మి.మీ. వ్యాసం, 2.6 మి.మీ. మందం గల సిల్వర్ ఆక్సైడ్ సెల్, 1.55 వోల్టులను దాదాపు చివరిదాకా నిలకడగా ఇస్తుంది. అదే కొలతలో చవకగా దొరికే ఎల్.ఆర్.626 ఆల్కలైన్ సెల్. దాని వోల్టేజి క్రమంగా పడిపోతుంది. మెకానిక్‌కు ఇచ్చినా ఏది వేస్తున్నారో అడగండి.

అసలు చిక్కు మూత తిరిగి బిగించడంలో ఉంది. కింది రబ్బరు వలయం మెలిపడినా, దానిపై వెంట్రుక పడినా తేమ లోపలికి చేరుతుంది. గడియారంతో ఈతకు దిగే అలవాటుంటే, పీడన పరీక్ష చేసే సర్వీసు కేంద్రానికే ఇవ్వండి. వీధి చివర బల్లపై ఐదు నిమిషాల్లో మార్చేవారి దగ్గర ఆ యంత్రం సాధారణంగా ఉండదు.

పాత సెల్‌ను మాత్రం పసిపిల్లలకు అందనీయకండి. మింగితే ప్రమాదం.