బాగేపల్లికి రైలు లేదు, అయితే ఏం?
ఇల్లు, బస్సు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరు అద్దెలు అందకుండా పోయేకొద్దీ జనం చూపు చుట్టుపక్కల ఊళ్ళ మీద పడుతోంది. చిక్కబళ్ళాపురం సుమారు 60 కిలోమీటర్లు, చింతామణి 75 పైచిలుకు, బాగేపల్లి వంద. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ చిక్కబళ్ళాపురం జిల్లాలో తెలుగు సంతలోనూ వినిపిస్తుంది, బస్సులోనూ వినిపిస్తుంది. లేఔట్ల బ్రోచర్లు మాత్రం ఏ భాషలో వేసినా ఒకే పాట పాడతాయి: ‘ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలే!’ ఆ నిమిషాలను ఎవరి కారులో, ఏ వేళలో కొలిచారో రాయరు. సొంత బండి లేనివాళ్ళు ఇలాంటి మాటలు నమ్మి ఇల్లు ఎంచుకుంటే ఇబ్బంది పడేది రోజూ పొద్దున్నే.

అపోహ: రైల్వే స్టేషన్ ఉన్న ఊరే నగరానికి దగ్గర.

వాస్తవం: చింతామణికి స్టేషన్ ఉంది, బాగేపల్లికి లేదు. పటం చెప్పేది అంతవరకే. యలహంక నుంచి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి, కోలారు మీదుగా బంగారపేట చేరే ఈ మార్గం ఒకప్పుడు న్యారోగేజి. చిక్కబళ్ళాపురం–కోలారు మధ్య బ్రాడ్‌గేజి పని పూర్తయింది 2013లో. చింతామణి మనిషి రైల్లో బెంగళూరు పోవాలంటే ముందు శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం చుట్టి, ఆ తర్వాతే దక్షిణానికి దిగాలి. బస్సయితే హోస్కోటె మీదుగా తిన్నగా పోతుంది. పైగా రోజంతా కలిపి రైళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఇరవై నిమిషాలకో బస్సు ఉన్నచోట వేళ చూసుకోకుండా వచ్చినా సగటున పది నిమిషాలు నిలబడితే చాలు. పూటకో రైలు ఉన్నచోట అది తప్పితే ఆ పూటే పోయినట్టు. రవాణా నిపుణుడు జారెట్ వాకర్ 2011లో వెలువడిన ‘హ్యూమన్ ట్రాన్సిట్’ పుస్తకంలో వేగం కన్నా బండి ఎంత తరచుగా వస్తుందన్నదే ముఖ్యమని వాదించాడు. బాగేపల్లికి కలిసొచ్చింది కూడా అదే. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉండటంతో కర్ణాటక ఆర్టీసీ బస్సులే కాక అనంతపురం, పుట్టపర్తి వైపు నుంచి బెంగళూరు పోయే ఆంధ్ర బస్సులూ ఆ దారినే వస్తాయి. బాగేపల్లి మీదుగా చిక్కబళ్ళాపురం–పుట్టపర్తి రైలు మార్గం ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. దాన్ని నమ్ముకుని సైటు కొనడం వేరే కథ.

అపోహ: హైవే పక్కన ఇల్లుంటే బస్సుకు కొదవ లేదు.

వాస్తవం: హైవే మీద కనిపించే బస్సులన్నీ ఎక్కడానికి కావు. హైదరాబాదు స్లీపర్ బస్సు చిక్కబళ్ళాపురం బైపాస్ మీద దూసుకుపోతుందే తప్ప ఊళ్ళోకి రాదు. ఆగే బస్సు ఆగేది బస్టాండులో. కేంద్రం 2017లో తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధినే నడక దూరంగా లెక్కేసింది. అంతకు మించితే షేర్ ఆటో వెతుక్కోవాలి. రాత్రి తొమ్మిది దాటాక అది దొరుకుతుందా అన్నది ఇల్లు చూపించే బ్రోకర్ చెప్పడు.

అపోహ: మెట్రో వచ్చేస్తోంది, ఇంక చిక్కబళ్ళాపురం బెంగళూరే.

వాస్తవం: కేంద్రం 2021లో ఆమోదించిన మెట్రో నీలి మార్గం కె.ఆర్.పురం, హెబ్బాళ మీదుగా వెళ్ళి విమానాశ్రయం దగ్గర ఆగుతుంది. సబర్బన్ రైలు పథకంలోని 41 కిలోమీటర్ల సంపిగె కారిడార్ దేవనహళ్ళి దగ్గర ముగుస్తుంది. రెండూ చిక్కబళ్ళాపురానికి ఇవతలే నిలిచిపోయేవి. విచిత్రమేమిటంటే, మెట్రో ఊసే ఎత్తని చింతామణికి దాని లాభం ముందుగా అందింది. హోస్కోటె మీదుగా వచ్చే బస్సు కె.ఆర్.పురం దాటే వెళ్తుంది. అక్కడ దిగితే 2023 మార్చి నుంచి వైట్‌ఫీల్డుకు, అదే ఏడు అక్టోబరు నుంచి ఎం.జి.రోడ్డు, మెజెస్టిక్‌లకూ మెట్రో ఉంది. కాబట్టి ఉద్యోగం వైట్‌ఫీల్డులోనైతే చింతామణి, ఎయిర్‌పోర్టు వైపైతే చిక్కబళ్ళాపురం. కిలోమీటర్లు లెక్కపెట్టే ముందు బస్సు నగరంలోకి ఏ వైపు నుంచి అడుగు పెడుతుందో చూసుకోవాలి.

అపోహ: ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, ఎంత దూరమైతేనేం?

వాస్తవం: 2023 జూన్ 11న మొదలైన ‘శక్తి’ పథకం నిజంగా గొప్ప ఊరట. అయితే అది కర్ణాటక మహిళలకు, రాష్ట్రం లోపల, మామూలు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే చెల్లుతుంది. రాజహంస, ఐరావత బస్సుల్లో చెల్లదు. బాగేపల్లిలో ఆంధ్ర ఆర్టీసీ బస్సు ఎక్కితే టికెట్టు కొనాల్సిందే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన ‘స్త్రీ శక్తి’ కూడా ఆ రాష్ట్ర మహిళలకు, ఆ రాష్ట్రం లోపలే. అంటే ఈ సరిహద్దు ఊరిలో బస్సులు ఎక్కువే కానీ అన్నీ ఉచితం కావు. ఇంట్లో మగవాళ్ళ చార్జీ సంగతీ ఉంది, కర్ణాటక ఆర్టీసీలో అది 2025 జనవరిలో 15 శాతం పెరిగింది.

అపోహ: అద్దె సగమైతే ఖర్చూ సగమే.

వాస్తవం: షికాగోలోని ‘సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ’ ఇంటి ఖర్చును, ప్రయాణ ఖర్చును కలిపే లెక్కిస్తుంది. రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం దాటితే ఆ చోటు ఆ కుటుంబానికి భారమేనని దాని కొలబద్ద. ఇక్కడి లెక్కలో బస్సు చార్జీ, రెండు కొసల్లో ఆటో, రోజూ రోడ్డు మీద పోయే గంటలు అన్నీ వేయాలి.

అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయండి. సెలవు రోజున కాకుండా పనిదినాన పొద్దున, ఆఫీసు వేళకు, ఆ ఇంటి నుంచి బస్టాండుకు నడిచి, బస్సెక్కి ఆఫీసు దాకా వెళ్ళి చూడండి. తిరిగి వచ్చాక బస్టాండులో కంట్రోలర్‌ను అడిగి, బెంగళూరు నుంచి ఆఖరు బస్సు ఎన్నింటికో రాసుకోండి.