పాత బియ్యం వయసు: నాలుక చెప్పేదెంత, సంచి చెప్పేదెంత

నరసరావుపేటలో బియ్యం కొట్టు ముందు నిలబడిన గృహిణి ధర కంటే ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కొత్తవా, పాతవా?" కొట్టు యజమాని సంచిలో చేయి పెట్టి గుప్పెడు గింజలు తీసి, "పాతవేనమ్మా, ఏడాది దాటినవి" అంటాడు. ఆమె రెండు గింజలు పంటి కింద కొరికి, గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఒప్పుకుంటుంది. సంచి మీద రకం పేరు, మిల్లు గుర్తు, తూకం, సంచి కట్టిన నెల అచ్చయి ఉంటాయి. ఆ వడ్లు ఏ సంవత్సరం కోసినవో మాత్రం ఉండదు. వయసును బట్టి ధర పలికే సరుకు మీద ఆ వయసే రాసి లేదు. దాని ఫలితం వినియోగదారుని కంటే రైతు మీద ఎక్కువగా పడుతున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వయసుతో విలువ పెరిగే మరొక వ్యవసాయోత్పత్తిని పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. పోర్చుగల్ దేశంలోని డౌరో నదీలోయలో పండే ద్రాక్షతో పోర్ట్ అనే మద్యం తయారవుతుంది. ఆ ప్రాంతానికి 1756లోనే ప్రభుత్వం ఎల్లలు నిర్ణయించింది. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారాయి కలిపి పులియడాన్ని ఆపివేస్తారు కనుక తీపి నిలిచిపోతుంది. పంట మేలుగా వచ్చిన ఏడాది, ఆ ఒక్క కోత రసాన్నే విడిగా ఉంచి, రెండేళ్లు దాటిన తరువాత సీసాలకెక్కించి, ఆ సంవత్సరం పేరుతోనే విడుదల చేస్తారు. దీనినే వింటేజ్ పోర్ట్ అంటారు. అది సీసాలోనే దశాబ్దాల తరబడి మాగుతుంది. కొల్యేటా అనే మరొక తరగతిలో పోర్ట్ కనీసం ఏడేళ్లు పీపాలో మాగాలి. ఆ సీసా మీద కోత సంవత్సరమూ, సీసాకెక్కించిన సంవత్సరమూ రెండూ ముద్రించి తీరాలి. అధికార సంస్థకు చెందిన రుచి నిపుణుల మండలి ఆమోదించిన తరువాతనే ఏ పోర్ట్ అయినా విపణికి వస్తుంది.

అభిరుచి గలవారు నలుగురూ కూడి 1963, 1977, 1994, 2011 వంటి పేరున్న సంవత్సరాల సీసాలను ఒకే సాయంత్రం వరుసగా రుచి చూస్తారు. సీసా అడుగున చేరిన మడ్డి కదలకుండా తేటను మాత్రం వేరే పాత్రలోకి ఒంపుకుంటారు. పేరు చీటీలు కనబడకుండా కప్పివేసి, రంగు, వాసన, వగరు, మింగిన తరువాత నోట నిలిచే రుచి, ఒక్కొక్కటిగా రాసుకుంటారు. పడుచు పోర్ట్ ముదురు ఊదా రంగులో వగరుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇటుక రంగుకు దిగి, వగరు సడలి, ఎండు పళ్ల వాసన, గింజపప్పుల వాసన పైకి వస్తాయి. ఆ మద్యం మనకు ప్రసక్తం కాదు. పేరు దాచి, పక్కపక్కన పెట్టి, పదిమందితో కలిసి పోల్చే ఆ పద్ధతి మాత్రం మనకు ఎంతో అవసరం.

పల్నాటికీ సన్నబియ్యానికీ ఉన్న సంబంధం నిన్నమొన్నటిది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఈ సీమలో జొన్నకూడు తప్ప మరొకటి దొరకదని వాపోయాయి. జొన్నలు పాతరలో, వడ్లు పురిలోనో గాదెలోనో నిలువ ఉండేవి. వడ్ల పురి ఉన్న ఇల్లు కలిగిన ఇల్లు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద వరి విస్తరించింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఆ పొలాలలో స్థిరపడి పల్నాటి భోజనాన్ని మార్చివేసింది. ఆనాడు శ్రీనాథుడు లేదన్న సన్నన్నం ఈనాడు ఎన్ని నెలల పాతదో అడిగి కొనుక్కునే దశకు వచ్చింది!

నిలువలో గింజకు ఏమవుతుంది? పిండిపదార్థంలో వచ్చే మార్పు స్వల్పమే. మార్పంతా దాని చుట్టూ ఉన్నవాటిలో జరుగుతుంది. కొవ్వులు విడిపోయి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా మారుతాయి. వాటిలో కొన్ని అమైలోజ్‌తో జతకట్టి పిండి రేణువులు ఉబ్బడాన్ని అదుపు చేస్తాయి. ఒరైజెనిన్ అనే మాంసకృత్తులో డైసల్ఫైడ్ బంధాలు పెరిగి, రేణువు చుట్టూ గట్టి వలవంటిది ఏర్పడుతుంది. కణకవచాలు బిగుస్తాయి. పిండిని విడగొట్టే ఎంజైముల చురుకు తగ్గుతుంది. వీటన్నింటి ఫలితంగా పాత బియ్యం ఎక్కువ నీరు పీల్చి, ఎక్కువ ఒదిగి, మెతుకు మెతుకుగా విడివడుతుంది. గంజిలోకి జారిపోయే పిండి తగ్గుతుంది. కొత్త బియ్యపు గంజి చిక్కగా, పాత బియ్యపు గంజి పలుచగా ఉండడానికి కారణం ఇదే. కొత్త ధాన్యం గురువు, ఏడాది గడిచినది లఘువు అని ఆయుర్వేదం చేసిన విభజనకు మూలం వంటింట కనబడే ఈ తేడాయే కావచ్చు.

వాసన విషయంలో మాత్రం కాలం మేలు చేయదు. కొవ్వులు ఆక్సీకరణం చెందేకొద్దీ హెక్సనాల్ వంటి పదార్థాలు పెరిగి ముక్క వాసన మొదలవుతుంది. తవుడు తీసిన బియ్యంలో ఈ మార్పు వడ్లలో కంటే త్వరగా వస్తుంది. ఇక్కడ రైతుకూ వినియోగదారునికీ చెప్పదగిన విషయం ఒకటున్నది. వండినప్పుడు తెలిసే మార్పులో అధిక భాగం మొదటి మూడు నాలుగు నెలలలోనే జరిగిపోతుంది. ఆ తరువాత వేగం మందగిస్తుంది. కనుక ఆరు నెలల బియ్యానికీ కొత్త బియ్యానికీ నడుమ నాలుక గుర్తించేంత తేడా, ఏడాది బియ్యానికీ రెండేళ్ల బియ్యానికీ నడుమ ఉండదు. రెండవ ఏడాదికి పెట్టే అదనపు ధర చాలావరకు మాటకు పెట్టే ధరయే.

కొత్త బియ్యం తక్కువవి అన్న భావం కూడా సరికాదు. సంక్రాంతి అరిసెకు, పొంగలికి కొత్త బియ్యమే కావాలి. జపానులో ఆ ఏటి కొత్త బియ్యానికే గిరాకీ. పాతబడినవి చౌకగా పోతాయి. పులిహోరకు పలుకు కావాలి, పాలన్నానికి మెత్తదనం కావాలి. ఏ వంటకమో చెప్పకుండా ఏది మంచిదని అడగడం అర్థంలేని ప్రశ్న.

రుచి పరీక్షను విస్తరణ కార్యక్రమంగా చేపట్టేవారు మొదట ఎదుర్కొనే చిక్కు ఎసరు. అన్ని వయసుల బియ్యానికీ ఒకే కొలత నీరు పోస్తే కొత్తవి ముద్దవుతాయి, పాతవి పలుకుగా నిలుస్తాయి; తీర్పు వయసు మీద కాక కొలత మీద వస్తుంది. దేనికి తగిన ఎసరు దానికి పెడితే తేడా సగానికి కుంచించుకుపోయినట్లు అనిపిస్తుంది. కనుక రెండు విధాలుగానూ వండాలి. మొదటిది గింజ స్వభావాన్ని చూపుతుంది, రెండవది వంటింటి వాస్తవాన్ని చూపుతుంది. రకం, పొలం, మర పట్టిన తీరు ఒకటే కావాలి. గిన్నెలకు పేర్లు కాక మూడంకెల సంఖ్యలు ఇవ్వాలి. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా చల్లారిన తరువాత మరొకసారి చూడాలి. చల్లారిన కొద్దీ పాత బియ్యపు అన్నం గట్టిపడుతుంది, పెరుగులో కలుపుకునేవారికి అది పట్టింపే. పచ్చళ్లు దగ్గర ఉండరాదు. పల్నాటి కారం ఒక్కసారి నాలుకకు తగిలితే ఆ పూటకు పరీక్ష ముగిసినట్లే.

ఏది ఇష్టమో అడగడానికి తొమ్మిది అంచెల కొలబద్ద మన విద్యార్థులకు పరిచితమే. దానికి ముందు, అసలు తేడా తెలుస్తున్నదా అని అడగాలి. అందుకు త్రికోణ పరీక్ష తగినది. ఒక్కొక్కరి ముందు మూడు గిన్నెలు పెడతారు. రెండింటిలో ఒకే బియ్యం, మూడవదానిలో వేరు. ఆ వేరైనదానిని పట్టుకోవాలి. ఊరకే ఊహించినవారిలోనూ మూడింట ఒకవంతు మంది సరిగ్గా చెబుతారు. అందువల్ల 12 మంది కూర్చున్నప్పుడు కనీసం 8 మంది, 18 మంది అయితే 10 మంది సరిగ్గా చెబితేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నదని ఒప్పుకోవాలి. ఊరిలో బియ్యం బాగా తెలుసునని పేరున్న పెద్దలను, వంట చేసే స్త్రీలను, మిల్లు గుమాస్తాలను ఒకే వరుసలో కూర్చోబెట్టి ఈ పరీక్ష పెట్టాలి. కనబడుతున్న గింజను చూసి చెప్పేవారికీ, వండిన మెతుకును నమిలి చెప్పేవారికీ తేడా అక్కడ బయటపడుతుంది.

పోర్ట్ రుచిచూసేవారికి లేని ఒక సమస్య మనకున్నది. ధాన్యాన్ని నానబెట్టకుండా కొద్దిసేపు ఆవిరి పట్టి, ఆరబెట్టి, మర ఆడితే వచ్చే స్టీమ్ బియ్యం కొన్ని వారాలలోనే పాత బియ్యంలాగ ఒదుగుతుంది. ఇది నేరం కాదు. స్టీమ్ బియ్యమని చెప్పి అమ్మితే వినియోగదారునికి మేలే. ఏడాది పాతవని చెప్పి అమ్మినప్పుడే తంటా. అన్నం చూసి దీనిని పట్టుకోవడం కష్టం. ప్రయోగశాలలో మిథైల్ రెడ్, బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన ద్రావణంలో గింజలను తడిపితే, తాజా బియ్యం ఆకుపచ్చగానూ, ఆమ్లత్వం పెరిగిన పాత బియ్యం పసుపు లేక నారింజ రంగుగానూ కనబడతాయి. ఆమ్లత్వం పెరగడానికి కాలం పట్టాలి. నెల కింద ఆవిరి పట్టిన గింజకు ఆ కాలం దొరకలేదు. నాలుక తీర్పు పక్కన ఈ పరీక్షనూ పెట్టాలి.

ఇక రైతు సంగతి. డిసెంబరు, జనవరి నెలలలో కల్లం మీదనే వడ్లు చేతులు మారుతాయి. గింజకు వయసు వచ్చేది వ్యాపారి గోదాములో. నిలువ చేసుకోమని రైతుకు సలహా ఇచ్చే ముందు లెక్క చూడాలి. 17 శాతం తేమతో ఉన్న క్వింటాలు వడ్లను 12 శాతానికి ఆరబెడితే మిగిలేది సుమారు 94.3 కిలోలు. అప్పు మీద ఏటికి 12 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకు మరో 6 శాతం. అంటే ధర 12 శాతానికి పైగా పెరిగితేనే పెట్టుబడి చెల్లుకు చెల్లు. గోదాము అద్దె, ముక్కపురుగు, వడ్ల చిలుక తినేది వేరు. ఈ లెక్క చూడకుండా "నిలువ చేసి అమ్ముకోండి" అని చెప్పడం బాధ్యతారాహిత్యం. తేమ 14 శాతం దాటిన వడ్లను మాగబెట్టడమంటే బూజును పెంచడమే. ఆ పసుపు రంగు గింజను పాతదని కాదు, చెడినదని చెప్పాలి.

ఆ 12 శాతాన్ని దాటి ధర రావాలంటే వయసుకు రుజువు కావాలి. దానికి కొత్త చట్టం అక్కరలేదు. 2007 నాటి గోదాముల చట్టం కింద నమోదైన గోదాము ఇచ్చే రశీదు మీద జారీ తేదీ తప్పక ఉంటుంది. ఆ రశీదు హామీగా అప్పు తెచ్చుకోవచ్చునని రైతులకు చెబుతున్నాము. అదే కాగితం గింజ వయసుకు సాక్ష్యమని మాత్రం చెప్పడం లేదు. ఉత్పత్తిదారుల సంఘాలు తమ సంచుల మీద కొల్యేటా సీసా తరహాలో కోత సంవత్సరమూ, మర ఆడిన నెలా రెండూ ముద్రించవచ్చు. అడ్డు చెప్పేవారు ఎవరూ లేరు.

చివరిగా పరిశోధక విద్యార్థులకు ఒక సూచన. పోర్ట్ వరుసలో 1977కూ 1994కూ కనబడే తేడాలో వయసు ఎంత, ఆ ఏటి వాతావరణం ఎంత అన్నది విడదీయలేరు. బియ్యంతో విడదీయవచ్చు. ఒకే మడిలో జనవరిలో నూర్చిన బీపీటీ వడ్లను 12 శాతానికి ఆరబెట్టి, అంతా 4 డిగ్రీల శీతల గదిలో ఉంచాలి. ఆ చలిలో వయసు దాదాపు నిలిచిపోతుంది. అందులో ఒక భాగాన్ని వెంటనే మామూలు గోదాముకు మార్చాలి, మరొక భాగాన్ని ఆరు నెలలకు, ఇంకొకదానిని తొమ్మిది నెలలకు, చివరిదానిని పదకొండు నెలలకు మార్చాలి. మరుసటి సంక్రాంతి నాటికి ఒకే పంట నాలుగు వయసులలో ఒకే రోజున సిద్ధంగా ఉంటుంది. శీతల గదిలోనే మిగిలిన అయిదవ భాగం కొత్త బియ్యంగా వరుస మొదట నిలుస్తుంది. అన్నింటినీ ఆ రోజే మర ఆడించి, ఎసరు పెట్టవచ్చు.