పురుగులో పెరుగు కందిరీగ

మొవ్వు ఎండిన జొన్నకాండమును చీల్చి చూపగా, చచ్చిన పురుగు ప్రక్కనున్న నూకలవంటి తెల్లని గూళ్లేమని పిల్లలు మమ్ము నడిగిరి. అవి కొటీషియా ఫ్లావిపెస్ అను చీమంత కందిరీగవి. ఇది తొలుచుపురుగు చేసిన సొరంగములో దూరి, దాని దేహమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు లోపల పెరిగి, వెలుపలికి వచ్చి గూళ్లు కట్టుకొనును, పురుగు చచ్చును.

కాని ప్రతి పురుగును దీనికి తగిన ఇల్లు గాదు. మిత్రకీటకములను తెచ్చుకొను తలిదండ్రు లిది గమనింపవలెనని మా మనవి. మన జొన్నను తొలుచు కైలో పార్టెల్లస్ ఆఫ్రికాకు పాకి అచ్చటి మొక్కజొన్నను పాడుచేయగా, 1993లో ఈ కందిరీగను ఆసియానుండి కొనిపోయి కెన్యా తీరమున విడిచిరి. కైలోలో అది చక్కగ వర్ధిల్లెను. అచ్చటి స్వదేశపు తొలుచుపురుగైన బుస్సియోలా ఫుస్కాలోను అది గ్రుడ్లు పెట్టును. పాపము, దాని కీ భేదము తెలియదు! ఆ పురుగు రక్తకణములు గ్రుడ్లను చుట్టుముట్టి చంపివేయును. పురుగు మాత్రము కాండమును తొలుచుచునే యుండును.