జవాబు రాసిన పిల్లకు పాఠం అర్థమైనట్టేనా?

"బిమ్మిడి జలబలో తొంకింది." ఈ వాక్యానికి అర్థమే లేదు. అయినా "బిమ్మిడి ఎక్కడ తొంకింది?" అని అడిగితే మూడో తరగతి పిల్ల కూడ "జలబలో" అని రాస్తది. మార్కులు పూర్తిగా పడ్తయి. మన బళ్లల్లో అడిగే ప్రశ్నలు చాలామటుకు ఈ తీరువే. "ఇక్కడినుంచి ఇక్కడిదాక" అని సారు పుస్తకంలో బ్రాకెట్లు పెట్టిస్తడు, పిల్లలు చూసి రాస్తరు. దీన్నే చదువు అంటున్నం.

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని గోండు, కొలాం గూడాల పిల్లలకు బడికొచ్చిన కొత్తల తెలుగు పాఠం చాలావరకు బిమ్మిడి లెక్కనే ఉంటది. ఈ సంగతి నిజాం కాలంలనే తేలింది. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో నడిచిన కేంద్రంలో గోండులనే పంతుళ్లుగా తయారుచేసి, గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టిన్రు. మళ్ల ప్రభుత్వం గోండి, కొలామితో సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక విద్య తలపెట్టింది 2004లో. నడుమ అరవై ఏండ్లు పోయినయి.

కరీంనగర్ మాల, మాదిగ వాడల పిల్లల ఇంటిభాష తెలుగే. గాని పుస్తకంలో 'ఆనపకాయ' ఉంటది, ఇంట్ల సోరకాయ. ప్రశ్న కూడ పుస్తకం భాషలనే వస్తే తెలిసిన పిల్ల సుత నోరు తెరవదు.

"చెరువు నిండింది. రైతులు సంతోషించారు" అని పాఠంల ఉన్నదనుకుందాం. "ఎవరు సంతోషించారు?" అంటే కండ్లు వెతికిస్తయి, బుద్ధికి పనిలేదు. "ఎందుకు సంబరపడ్డరు?" అంటే రెండు వాక్యాలను కలిపి ఆలోచించాలె. "తూము ఎవరు తెరుస్తరు? నాటుకు ఎవరు పోతరు?" అంటే పాఠం చెప్పకుండ ఇడిసిపెట్టింది బయటికొస్తది. తాత నీరటి పనిచేసిన పిల్లగాడు వెనుక వరుసల ఉంటే ముందుగాల జవాబు వానిదే. "మా అయ్యకు మడి లేదు, మరి ఆయన రైతేనా?" అని ఎదురు ప్రశ్న కూడ పుట్టొచ్చు. అప్పుడు పాఠాన్ని రెండోసారి చదవక తప్పదు.

అడిగినంక ఆగాలె. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించింది: టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతరు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగైతయి, మాట్లాడని పిల్లలు మాట్లాడుతరు.

ప్రశ్న ఎవరిదిక్కు పోతున్నదో కూడ చూడాలె. ముందు వరుసలోళ్లను తెలిసి చెప్తరని అడుగుతం. వాడ పిల్లను, తెలవదని నిరూపించడానికి అడుగుతం. వారం రోజులు హాజరుపట్టీ పక్కన గీతలు పెట్టుకుంటే ఎవరిని ఎన్నిసార్లు అడిగినమో బయటపడ్తది. తప్పు జవాబొస్తే పక్క పిల్లకు దాటెయ్యకుండ, "ఏ మాట చదివి అట్ల అనుకున్నవ్ బిడ్డా?" అని అడిగితే ఆ పిల్ల వేలుపెట్టి చూపిస్తది.