కంకర బాటకు తగిన టైరు

బాటసారికి పాదరక్ష యెట్టిదో సైకిలునకు టైరు అట్టిది. తొక్కువాడు ఎంత బలశాలియైనను, ఎక్కిన సైకిలు ఎంత విలువగలదైనను, నేలను తాకునది టైరొక్కటియే. అదియును ఒక్కొక్క చక్రము క్రింద అగ్గిపెట్టె యంత చోటున మాత్రమే. మనుష్యుని బలమంతయు ఆ చిన్నచోటి గుండనే నేలకు చేరవలెను. నేల కొట్టు దెబ్బలన్నియు ఆ చోటి గుండనే మనుష్యునికి చేరవలెను. నున్నని తారు రోడ్డుపై ఈ సంగతి మనకు తోపదు. కంకర బాటపై రెండువందల మైళ్లు తొక్కవలసి వచ్చినప్పుడు మాత్రము చక్కగా బోధపడును. అట్టి పందెములలో టైరు నెన్నుకొనుట యొక విద్యగా పెరిగినది. ఆ విద్యలో మన పాఠ్యపుస్తకములలోని పదార్థ విజ్ఞానమే పని చేయుచుండుట వలన, విద్యార్థులు దానిని తెలిసికొనుట ఉపయుక్తమని తలంచి యిచట వివరించుచున్నాను.

తారు వేయని బాటలపై జరుగు దూరపు సైకిలు పందెములు ఇరువదియొకటవ శతాబ్దమున అమెరికా దేశములో ప్రబలినవి. వానిలో మిక్కిలి పేరుగన్నది కాన్సాస్ రాష్ట్రమందలి ఎంపోరియా పట్టణమున 2006లో మొదలైనది. మొదటి యేట అందు పాల్గొన్నవారు 34 మంది మాత్రమే. నేడు ‘అన్‌బౌండ్ గ్రావెల్’ అను పేర జరుగు ఆ ఉత్సవమునకు వేలకొలది స్త్రీపురుషులు వచ్చుచున్నారు. అందలి ముఖ్య పందెము 200 మైళ్లు, అనగా సుమారు 320 కిలోమీటర్లు. 2024లో పురుషులలో గెలిచిన లాక్లన్ మోర్టన్ ఈ దూరమును 9 గంటల 11 నిమిషములలో ముగించెను. ఆ యేడు స్త్రీలలో గెలుపొందినది జర్మనీ దేశస్థురాలు రోజా క్లోజర్. ప్రపంచ సైకిలు సంఘము కూడ 2022 నుండి కంకర బాటల పందెమునకు ప్రపంచ విజేతృత్వ పోటీలు జరుపుచున్నది.

ఎంపోరియా చుట్టునున్న ప్రదేశమునకు ‘ఫ్లింట్ హిల్స్’ అని పేరు. ఫ్లింట్ అనగా చెకుముకిరాయి. అచటి నేల సున్నపురాతి పొరలతోను, వాని నడుమ చెకుముకి జాతి రాళ్లతోను ఏర్పడినది. సున్నపురాయి వానకు గాలికి అరిగిపోగా గట్టిదగు చెకుముకిరాయి మిగిలి పైకి తేలినది. నాగలి దిగని నేల యగుటచేతనే అమెరికా మధ్యభాగమున ఒకప్పుడు విస్తరించియుండిన ఎత్తుగడ్డి మైదానములు మిగిలిన చోట్ల సాగులోనికి వచ్చి అంతరించినను, ఇచట నేటికిని నిలిచియున్నవి. చెకుముకిరాయి పగిలినప్పుడు దాని అంచు కత్తివలె వాడిగా నుండును. పూర్వకాలపు మానవులు బాణముల మొనలను, చర్మము గీయు పనిముట్లను చేసికొనినది ఇట్టి రాతితోనే. అదే రాయి నేడు పందెగాని టైరును కోయుచున్నది. కావున ఇచట టైరు నెన్నుకొనువాడు వేగమును మాత్రమే తలంచిన చాలదు.

చాలకాలము వరకు సైకిలు పందెగాండ్రలో ఒక దృఢమైన నమ్మకముండెను. టైరు ఎంత సన్ననిదై, ఎంత గట్టిగా గాలి నింపబడిన, సైకిలు అంత వేగముగా పోవునని వారి మతము. ఇది నిరాధారము కాదు. చక్రము దొరలునప్పుడు టైరు నేలకు తగిలిన చోట నొక్కుకొనును; మరుక్షణమున యథాస్థితికి వచ్చును. నొక్కుటకు పట్టిన శక్తి యంతయు తిరిగి రాదు. కొంత రబ్బరులో వేడిగా మారి పోవును. గాలి యెక్కువైన నొక్కు తగ్గును. నొక్కు తగ్గిన నష్టము తగ్గును. ప్రయోగశాలలో నున్నని ఉక్కు పీపాపై టైరును త్రిప్పి చూచినను ఇదియే కనబడును.

కాని లోకములోని బాటలు ఉక్కు పీపాలు కావు. గట్టి టైరు కంకరపై పోవునప్పుడు రాతిని తనలో ఇముడ్చుకొనజాలక దాని మీదికి ఎగురును. ఎగిరిన ప్రతిసారియు సైకిలును, దానిపైనున్న మనుష్యుడును పైకి లేచి మరల క్రిందపడుదురు. ముందుకు పోవలసిన శక్తి మీదికి పోవుచున్నది. ఆ కుదుపులు కండరములలో ఇంకి వేడిగా మారి, శరీరమును అలయించును. అమెరికాలో సియాటిల్ వాసియైన యాన్ హైనె అను సైకిలు పత్రికా సంపాదకుడు తన మిత్రులతో కలిసి, నిద్రమత్తులోనున్న వాహనచోదకులను మేల్కొల్పుటకు పెద్దరోడ్ల అంచున చెక్కిన గాడులపై సైకిలు తొక్కి, నున్నని రోడ్డుకన్న అచట ఎంత యెక్కువ శక్తి వ్యయమగునో కొలిచెను. కుదుపుల వలన కలుగు నష్టము చాల పెద్దదని తేలినది. ఇట్టి కొలతల ఫలితముగా పాతనమ్మకము సడలినది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన తారురోడ్డు పందెగాండ్రు సైతము నేడు 28, 30 మిల్లీమీటర్ల టైర్లు వాడుచున్నారు. కంకర బాటలపై సామాన్యముగా 35 నుండి 50 మిల్లీమీటర్ల వరకు వాడుదురు. 2024, 2025 సంవత్సరములలో కాన్సాస్ పందెమున ముందువరుసవారు కొందరు కొండబాటల సైకిలునకు చేసిన 2.1, 2.2 అంగుళముల టైర్లను సైతము తగిలించిరి.

వెడల్పునకును గాలికినిగల సంబంధమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. సైకిలు టైరు గాలిని మనము ‘ఇన్ని పౌండ్లు’ అని చెప్పుదుము. ఒక చదరపు అంగుళముపై అన్ని పౌండ్ల ఒత్తిడి యని దాని యర్థము. మనిషి బరువు, సైకిలు బరువు కలిసి 180 పౌండ్లనుకొందము. అందు వెనుక చక్రముపై 100 పౌండ్లు పడుననుకొందము. టైరులో 50 పౌండ్ల గాలియున్న, ఆ బరువును మోయుటకు సుమారు 2 చదరపు అంగుళముల చోటు నేలకు తగులవలెను. 25 పౌండ్లే యున్న 4 చదరపు అంగుళములు తగులవలెను. తగులు చోటు పెరిగినకొలది జారుడు రాళ్లపై పట్టు పెరుగును. సన్నని టైరులో గాలి తగ్గించిన మాత్రము అది కృంగి, రాయి తగిలినప్పుడు రిమ్ము అంచునకు కొట్టుకొనును; ట్యూబున్న చిరుగును, రిమ్ము సొట్టపడును. వెడల్పు టైరునకు రిమ్ముకును నేలకును నడుమ ఎత్తు ఎక్కువగుటచే ఈ ప్రమాదము తక్కువ. అదియునుగాక ఒకే ఒత్తిడివద్ద టైరు గుడ్డపై పడు బిగువు దాని వ్యాసార్ధమును బట్టి పెరుగును గనుక, వెడల్పు టైరు తక్కువ గాలితోనే బిగువుగా నుండును. అందుచేత 40 మిల్లీమీటర్ల టైరులో మధ్యమమైన బరువుగల వ్యక్తి 25 మొదలు 35 పౌండ్ల లోపున నింపును. వెనుక చక్రముపై భారమెక్కువ గనుక ముందు చక్రమున ఒకటి రెండు పౌండ్లు తగ్గించును.

ఇచట మీ యింటి సైకిలును ఒకసారి చూడుడు. మన పెద్దలు తొక్కు నల్లని సైకిలు టైరుపై 28 × 1½ అని యుండును. అదే టైరును అంతర్జాతీయ పద్ధతిలో 40-635 అని వ్రాయుదురు. మొదటి అంకె వెడల్పు, రెండవది టైరు అంచు కూర్చుండు రిమ్ము వ్యాసము, రెండును మిల్లీమీటర్లలో. పందెపు సైకిలు కంకర టైరుపై 40-622 అని యుండును. వెడల్పు ఒకటే! చదును చేయని బాటలపై బరువులు మోయుటకు చేసిన మన సైకిలు టైరును, నేటి పందెగాండ్రు కొలిచి కొలిచి చేరుకొనిన టైరును వెడల్పున సమానముగా నున్నవి. అయితే వ్యాసములు వేరగుటచే ఒకదాని రిమ్మునకు మరియొకటి పట్టదు. టైరు కొనునప్పుడు రెండు అంకెలను చూడవలెననుట కిదియే కారణము.

వెడల్పు పిమ్మట చూడవలసినది టైరు పైనుండు గుబ్బలు. గట్టిపడిన పొడినేలపై నడుమ నున్నగా నుండి ప్రక్కల చిన్న గుబ్బలున్న టైరు చాలును. తిన్నగా పోవునప్పుడు నడుమభాగము తేలికగా దొరలును, మలుపున ప్రక్కగుబ్బలు పట్టు నిచ్చును. వదులు కంకరకు నడుమ కూడ చిన్న గుబ్బలు కావలెను. తడిమట్టికి పెద్ద గుబ్బలు, వాని నడుమ ఎక్కువ ఎడము ఉండవలెను. లేకున్న మన్ను అతుక్కొని గుబ్బలు లేనట్లే యగును.

మూడవది టైరు ఒడలు. రబ్బరు క్రింద దారములతో అల్లిన గుడ్డపొర గలదు. దారము సన్ననిదై పొర పలుచనైన కొలది టైరు మెత్తగా వంగి, రాతి నిముడ్చుకొని, తేలికగా దొరలును. కాని చెకుముకి అంచునకు ప్రక్కభాగము సులభముగా తెగును. మందపు పొర, దానిలో తెగకుండుటకు వేసిన అదనపు గుడ్డ టైరును కాపాడును. బరువును, దొరలుటలో నష్టమును పెంచును. రక్షణయు వేగమును ఒకే టైరులో పూర్తిగా లభింపవు. ఏది ఎంత వదలుకొనవలెనో నిర్ణయించుటయే ఎన్నిక.

నేటి పందెగాండ్రలో అధికులు ట్యూబు లేని టైర్లనే వాడుదురు. టైరు అంచు రిమ్మునకు గాలి పోకుండ బిగిసియుండును. లోపల కొద్దిగా రబ్బరుపాలవంటి ద్రవము పోయుదురు. ముల్లు దిగిన, గాలితోపాటు ఆ ద్రవము రంధ్రమునకు వచ్చి గడ్డకట్టి మూసివేయును. తొక్కువాడు దిగవలసిన పని యుండదు. పెద్ద రంధ్రమునకు జిగురు పట్టిన రబ్బరు పేలికను సూదితో దూర్చుదురు. ప్రక్కభాగము బారెడు తెగిన మాత్రము రెండును పనికిరావు. అందుచే వివేకముగలవాడు ఒక ట్యూబును, లోపల వేయుటకొక గట్టి గుడ్డముక్కను, పంపును వెంట తీసికొనిపోవును.

బాగుచేసికొనగల టైరు విలువ నేటిది కాదు. గాలి టైరునకు 1845లోనే రాబర్ట్ విలియం టామ్సన్ హక్కుపత్రము పొందెను. అది మరుగుపడగా 1888లో బెల్ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ మరల కనిపెట్టెను. తొలినాటి యా టైర్లు రిమ్మునకు జిగురుతో అంటించబడియుండుటచే పంక్చరు వేయుట కష్టము. 1891లో పారిస్ నుండి బ్రెస్ట్ వరకు పోయి తిరిగివచ్చు సుమారు 1200 కిలోమీటర్ల పందెమున, మిషెలిన్ సోదరులు చేసిన ఊడదీయగల టైర్లతో షార్ల్ టెర్రోఁ గెలిచెను. డన్లప్ టైర్లతో తొక్కిన జియెల్ లవాల్ రెండవవాడయ్యెను. టెర్రోఁ సత్తువ, ఓర్పు గొప్పవే; అయినను త్వరగా బాగుచేసికొనగల టైరు ఆయనకు తోడ్పడెననుట నిజము.

ఇక నేలను బట్టి నిర్ణయమెట్లు మారునో చూతము. 2022లో మొదటి ప్రపంచ పోటీ ఇటలీలోని వెనెటో ప్రాంతమున జరిగినది. బాటలో ఎక్కువభాగము కాలువగట్ల వెంబడి చదునైన నేల. అట్టిచోట బరువు తక్కువై, గాలికి అడ్డు తక్కువగా నుండు సన్నటైరు లాభకరము. కాన్సాస్ కొండలలో అదే టైరు సగము దారిలో తెగి, దినమంతటి శ్రమను వ్యర్థము చేయవచ్చును. వెడల్పు టైరునకును హద్దు గలదు. టైరునకును సైకిలు చట్రమునకును నడుమ చాలినంత సందు లేనిచో మన్ను చేరి చక్రము తిరుగదు. 2023లో కాన్సాస్ పందెము మొదలైన కొలది సేపటికే నల్లరేగడివలె అంటుకొను బురద యెదురైనది. అనేకులు సైకిళ్లను భుజమునకెత్తుకొని నడిచిరి. గేరు మార్చు భాగములు విరిగి పలువురు అచటనే విరమించిరి.

కావున ఎన్నుకొనువాడు వరుసగా ప్రశ్నించుకొనవలెను. నేల యెట్టిది? రాయి గుండ్రనిదా, వాడిదా? వాన వచ్చునా? నా బరువెంత? నా సైకిలు చట్రములో ఎంత వెడల్పు పట్టును? వీనికి సమాధానము దొరకిన పిమ్మటనే టైరు పేరడుగవలెను. ఒక్క పంక్చరు పది నిమిషములు తీసికొనును. దొరలుటలోని స్వల్పలాభము అంత కాలమును సంపాదించుట కష్టము. దూరపు పందెమున ఆగకుండ పోవు టైరే వేగముగల టైరు.

విద్యార్థులారా, వ్రాసినదానిని నమ్ముటకన్న పరీక్షించి చూచుట మేలు. వాహనములు రాని ఒక చిన్నవాలును ఎన్నుకొనుడు. ఒకే సైకిలుపై ఒకే విద్యార్థి, ఒకే గుర్తునుండి, త్రొక్కకుండ దిగవలెను. టైరుపై ముద్రించిన హద్దును మించకుండ గాలిని మూడు విధములుగా మార్చి, సైకిలు ఎంతదూరము పోయి ఆగునో ప్రతిసారియు కొలువుడు. మొదట నున్నని నేలపైనను, తరువాత కంకరపైనను ఇట్లు చేయుడు. అంకెలను నోటుపుస్తకములో రెండు వరుసలుగా వ్రాసికొని, ఏ గాలి ఏ నేలపై గెలిచెనో పోల్చి చూడుడు.