ఇంట్లో నీళ్ల తోట: జీవామృతం పొయ్యొద్దు, గుర్రపుడెక్క తేవొద్దు

అమలాపురం దగ్గర మా ఇంటి పెరట్లో ఉన్న తామర, కలువ తొట్లు వీడియోలో చూశారు కదా. చూశాక ఫోన్ చేసిన రైతులు ఎక్కువగా అడిగినవి మూడు ప్రశ్నలు. దోమలు రావా? నీళ్లు కంపు కొట్టవా? జీవామృతం ఎన్ని రోజులకోసారి పోయాలి? వీడియోలో చెప్పడానికి టైం చాలలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇటు గౌతమి, అటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ. ఇన్ని నీళ్లున్న కోనసీమలో మళ్లీ ఇంట్లో నీళ్ల తోట ఎందుకండీ అని కొందరు నవ్వుతారు. కానీ తామరలు పూసే ఊరి చెరువులు ఇప్పుడు ఎన్ని మిగిలాయో మీ ఊళ్లోనే ఒకసారి లెక్కపెట్టండి. ఒక్క తొట్టి పెడితే పెరట్లోకి తూనీగలు, కప్పలు, తేనెటీగలు వస్తాయి. కూరగాయల మడికి అవే కాపలా.

తొట్టి, మట్టి

అడుగున కన్నం లేని తొట్టి కావాలి. తామరకి కనీసం రెండడుగుల వెడల్పు, అడుగు పైన లోతు ఉండాలి. కలువకి కొంచెం చిన్నదైనా పర్లేదు. సిమెంట్ తొట్టి కొత్తదైతే నీళ్లు నింపి నాలుగైదు రోజులకోసారి పారబోయండి. అలా మూడు నాలుగు సార్లు చేస్తే సున్నం ఘాటు తగ్గుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తప్పనిసరి. కొబ్బరిచెట్ల నీడలో పెడితే ఆకులే వస్తాయి, పువ్వు రాదు.

మట్టి విషయంలో మనం అదృష్టవంతులం. గోదావరి ఒండ్రు మట్టికి మించింది లేదు. అడుగున రెండు గుప్పెళ్లు బాగా మాగిన పశువుల ఎరువు వేసి, దాని మీద ఆరంగుళాల బంకమట్టి పరవండి. కోకోపీట్, వర్మీకంపోస్టు కలపొద్దు. అవి పైకి తేలి నీళ్లను నల్లగా చేస్తాయి. తామర దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన మట్టి పైకి ఉండేలా నాటాలి. కొన విరిగితే ఆ దుంప కుళ్లిపోవచ్చు. మొదట రెండు మూడు అంగుళాల నీళ్లే పెట్టి, ఆకులు లేచే కొద్దీ పెంచండి. దుంపలు, మొక్కలు కడియం నర్సరీల్లో దొరుకుతాయి.

కుళాయి నీళ్లయితే ఒక రోజు వెడల్పాటి పాత్రలో ఎండకు ఉంచండి, క్లోరిన్ పోతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అలాంటివి పోస్తే ఆకుల అంచులు మాడతాయి. అక్కడివాళ్లు వాన నీళ్లు పట్టుకుని వాడుకోవడం మేలు.

జీవామృతం ఎందుకు వద్దంటే

మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం. చేతిలో జీవామృతం ఉంటే కనబడ్డ ప్రతి మొక్కకీ పోయాలనిపిస్తుంది. నీళ్ల తోటలో మాత్రం చెయ్యి ఆపుకోవాలి. పొలంలో పోసిన జీవామృతం మట్టిలోకి ఇంకుతుంది, అక్కడ సూక్ష్మజీవులకు గాలి అందుతుంది. తొట్టిలో పోస్తే అందులోని పేడ, బెల్లం, పప్పుల పిండి నీళ్లలోనే కుళ్లుతాయి. ఆ కుళ్లే పని చేసే సూక్ష్మజీవులు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. తర్వాత పచ్చటి పాచి, ఆ వెనక కంపు.

సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి: తిండి మొక్క వేరుకి పెట్టాలి, నీళ్లకి పెట్టకూడదు. మాగిన ఎరువు ఎండబెట్టి, బంకమట్టిలో కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి ఆరనివ్వండి. నెలకో రెండు ఉండలు వేరు దగ్గర మట్టిలోకి లోతుగా నొక్కితే చాలు.

ఇంకో మాట. వేపపిండి, ఆముదం పిండి కూడా చేపలున్న తొట్టిలో వేయొద్దు. సహజమైంది కదా ఏమవుతుందిలే అనుకోవద్దు. చెరువుల్లో అక్కర్లేని చేపల్ని చంపడానికి ఇప్పపిండి చల్లుతారని మన ఆక్వా రైతులందరికీ తెలుసు. అదీ చెట్టు నుంచి వచ్చిందే.

దోమలు

దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని తొట్లు ఖాళీ చేయమంటారు. తామర తొట్టిని వారం వారం ఖాళీ చేయలేం కాబట్టి చేపలుండి తీరాలి. గంబూసియా, గప్పీ చేపలు లార్వాల్ని బాగా తింటాయి. కానీ అవి బయటి దేశాలవి, కాలువల్లో పడితే మన చిన్న చేపల పిల్లల్ని కూడా తినేస్తాయి. మన పంట కాలువల్లోనే నీటి పైపైన తిరుగుతూ, తల మీద తెల్ల చుక్క మెరిసే చిన్న చేపలుంటాయి. వాటిని పట్టి వేసుకోండి, తొట్టికి అరడజను సరిపోతాయి. మేత వేయక్కర్లేదు, లార్వాలే వాటి తిండి. నీటి పైభాగం సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఆకులతో కప్పి ఉంటే పాచి కూడా అదుపులో ఉంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే తొట్టి మీద గట్టి మెష్ బిగించడం మర్చిపోవద్దు.

ఏ కాలంలో ఏం చేయాలి

వేసవిలో కాలువలు కట్టేసే టైంలోనే తొట్టిలో నీళ్లు వేగంగా తగ్గుతాయి. రోజూ సాయంత్రం తగ్గినంత పోయండి. వానాకాలంలో తొట్టి పొంగి చేపలు బయటికి పోకుండా అంచుకి రెండంగుళాల కింద వలగుడ్డ కట్టిన గొట్టం పెట్టండి. చలికాలంలో తామర ఆకులు ఎండిపోతే చచ్చిపోయిందని తీసేయకండి, దుంప నిద్రలో ఉంటుంది. ఎండిన కాడని నీటి పైనే కొయ్యండి. కాడ లోపల గుల్లగా ఉంటుంది, నీటి కింద కోస్తే నీళ్లు లోపలికి దిగి దుంప కుళ్లుతుంది. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే దుంపలు విడదీసి కొత్త మట్టిలో నాటాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది

ఊదారంగు పువ్వు బాగుందని గుర్రపుడెక్క తెచ్చి తొట్టిలో వేసేవాళ్లున్నారు. దయచేసి వద్దండి. దక్షిణ అమెరికాకి చెందిన ఈ మొక్క మన దేశానికి 19వ శతాబ్దం చివర్లో ఇలాగే అందం కోసం వచ్చింది. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఈ రోజు మన పంట కాలువలు, డ్రెయిన్లు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. నీరు లాగక చేలు రోజుల తరబడి మునిగే బాధ మనది. 2022 ఖరీఫ్ ముందు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో డ్రెయిన్లు బాగు చేయకపోవడం ఒకటి.

అంతరతామర, అజొల్లా కూడా తొట్టి దాటకూడదు. ఎక్కువైన మొక్కల్ని, తొట్టి కడిగిన నీళ్లని కాలువలో, డ్రెయిన్లో పారబోయొద్దు. మొక్కల్ని గట్టు మీద బాగా ఎండబెట్టి కొబ్బరి పాదుల్లో ఆచ్ఛాదనగా వేయండి. నీళ్లు కూడా ఆ పాదుల్లోనే పోయండి, పోషకాలు వృథా కావు.

తొట్టి మనదే కానీ కాలువ ఊరందరిది. దిగువన ఉన్న రైతు చేను మునగకుండా పెంచినప్పుడే అది ప్రకృతి వ్యవసాయం. వచ్చే వీడియోలో దుంపలు విడదీయడం దగ్గరుండి చూపిస్తాను. ఉంటానండి.