పేలుతుందా అంటే ఎక్కడ, ఎలా ఉంచితే?

బీరూట్ రేవులో 2020 ఆగస్టు 4న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయినప్పుడు మన దేశంలో చాలామంది విశాఖపట్నం వైపు చూశారు. బొగ్గు గనుల్లోనూ క్వారీల్లోనూ పేలుళ్లకు వాడే ఈ తెల్లని గుళికలు ఓడల మీద వచ్చి దిగేది ప్రధానంగా ఈ రేవులోనే. బీరూట్ పేలుడుకు మూడు నెలల ముందే, మే 7 తెల్లవారుజామున, విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి 12 మందిని పొట్టన పెట్టుకుంది. అందుకే ఊరికి ఆ భయం మరీ దగ్గరగా తోచింది. ఇంతకీ ఇది పేలుడు పదార్థమా, కాదా? అడిగేవారికి ఒక్క మాటలో జవాబు కావాలి. కానీ పేలుడు గుణం పదార్థం పేరులో ఉండదు. దాని స్వచ్ఛతలో, పోగుచేసిన రాశిలో, తగిలే వేడిలో, చుట్టూ ఉన్న మూతలో ఉంటుంది. పరీక్షలో వచ్చే ‘కాదు’ కూడా ఆ పరీక్ష జరిగిన పరిస్థితికి మాత్రమే చెల్లుతుంది.

నిపుణులు దీన్ని తేల్చే పద్ధతి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి రూపొందించిన పరీక్షల సంపుటి ప్రకారం పని కాగితం మీద మొదలవుతుంది. అణువులో నైట్రో, అజైడ్, పెరాక్సైడ్ లాంటి అనుమానాస్పదమైన గుంపులు లేకపోతే అక్కడితో వదిలేయవచ్చు. ఉంటే ఆక్సిజన్ జమాఖర్చు వేస్తారు: తనలోని కార్బన్, హైడ్రోజన్ పూర్తిగా మండడానికి సరిపడా ఆక్సిజన్ ఆ అణువులోనే ఉందా, ఎంత తక్కువ పడుతోంది? సేంద్రియ పదార్థమైతే, విడిపోయేటప్పుడు గ్రాముకు 500 జౌళ్లకన్నా తక్కువ వేడి వస్తే దాన్నీ పక్కన పెట్టవచ్చు. ఈ జల్లెడలో మిగిలినవాటినే ప్రయోగశాలకు పంపుతారు. ఉక్కు గొట్టంలో ఒక చివర ఇచ్చిన పేలుడు తాకిడి రెండో చివరిదాకా పాకుతుందా, చిన్న రంధ్రం మాత్రమే వదిలి వేడిచేస్తే గొట్టం చీలుతుందా, దెబ్బకూ రాపిడికీ ఎలా స్పందిస్తుంది అన్నవి అక్కడ చూస్తారు. అమ్మోనియం నైట్రేట్ లెక్క విచిత్రమైనది. దానికి ఆక్సిజన్ కొరత లేదు సరికదా, 20 శాతం మిగులు. దానికి లేనిదల్లా ఇంధనం. అందుకే రవాణా నిబంధనల్లో మండే పదార్థం 0.2 శాతం మించకపోతే అది మంటను పెంచే ఆక్సీకారిణి మాత్రమే. మించితే ఏకంగా పేలుడు పదార్థాల తరగతి. అంటే టన్నుకు రెండు కిలోలు తేడా!

ఈ గీత ఎంత సన్ననిదో 1921లో జర్మనీలోని ఓప్పౌ ఎరువుల కర్మాగారం చూపించింది. అక్కడ సుమారు 4,500 టన్నుల అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ మిశ్రమం గట్టిపడింది. సల్ఫేట్ నిరపాయమైనదే, విశాఖ ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్ల నుంచి ఉప ఉత్పత్తిగా వచ్చే ఎరువు అదే. సగం సగం కలిపిన మిశ్రమం పేలదని పరీక్షల్లో తేలింది కూడా. ఆ ధీమాతోనే గడ్డకట్టిన రాశిని వదులు చేయడానికి అందులో చిన్న చిన్న మందుగుండ్లు పేల్చేవారు. వేలసార్లు ఏమీ కాలేదు. సెప్టెంబరు 21న అయింది. 500 మందికి పైగా పోయారు. ఆ ఏడాది ఆరబెట్టే పద్ధతి మారడంతో మిశ్రమంలో తేమ తగ్గింది. రాశి అంతటా సల్ఫేట్, నైట్రేట్ పాళ్లు ఒకేలా లేవు. పరీక్షించింది ఒక సరుకును, గోదాములో ఉన్నది మరొకటి.

విశాఖలో ఇన్నేళ్లుగా లక్షల బస్తాలు దిగాయి, ఏమీ కాలేదు కదా అనే వాదనకు ఓప్పౌలోని ఆ వేల సార్లే జవాబు. ఇంకొందరు బీరూట్‌లో జరిగింది నిర్లక్ష్యం, రసాయనాన్ని తప్పుపట్టడమెందుకు అంటారు. నిజమే, కానీ నిర్లక్ష్యం రసాయనానికి బయటి సంగతి కాదు. 1947లో టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ ఓడలో ఇదే సరుకుకు నిప్పంటుకుంది. నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని తలుపులు బిగించి లోపలికి ఆవిరి పంపారు. వేడీ మూతా రెండూ సమకూరాయి, దాదాపు 580 మంది చనిపోయారు. అలాగని అనుమానం వచ్చిన ప్రతిదానికీ పేలుడు ముద్ర వేయాలనే వారితోనూ ఏకీభవించలేను. అన్ని డ్రమ్ముల మీదా ఒకే హెచ్చరిక ఉంటే ఏ డ్రమ్మునూ ఎవరూ పట్టించుకోరు. పైగా పేలని పదార్థమంతా క్షేమమనీ కాదు: వెంకటాపురం స్టైరీన్ పేలుడు పదార్థం కాదు, ట్యాంకులో దానంతట అదే వేడెక్కి ఆవిరై చంపింది.

మన చట్టం కూడా నెమ్మదిగా, సరుకు పేరునే కాక దాని పరిస్థితినీ చూసే దారికి వచ్చింది. బరువులో 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలను కేంద్రం 2011లో పేలుడు పదార్థంగా ప్రకటించి, 2012లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. అవి ప్రధానంగా ఎవరి చేతికి చేరుతుందన్న దాని మీద, లైసెన్సుల మీద దృష్టిపెట్టాయి. బీరూట్ తర్వాత 2021లో వచ్చిన సవరణలు సరుకు ఎలా ఉందన్న దాన్ని పట్టుకున్నాయి: దిగుమతి బస్తాల్లోనే జరగాలి, రేవు ప్రాంతానికి 500 మీటర్ల అవతలి గోదాములకు తరలించాలి, అక్కడ అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలి. స్వాధీనం చేసుకున్న సరుకును వేలం వేసి త్వరగా వదిలించుకునే వీలూ కల్పించారు. ఈ చివరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. బీరూట్ సరుకు ఆరేళ్లకు పైగా రేవులో పడి ఉంది. చెన్నై దగ్గర కస్టమ్స్ పట్టుకున్న సుమారు 700 టన్నులు కూడా ఏళ్ల తరబడి నిల్వలోనే ఉండి, బీరూట్ పేలాకే హైదరాబాద్‌కు కదిలాయి.